ఏది తప్పనిసరి?

సిలబస్‌ని ఎవరూ సమీక్షించరు. నవలలకి, కవితా సంకలనాలకి, ఆఖరికి వంటల పుస్తకాలకి కూడా సమీక్షలు వస్తాయి. వేలమంది పిల్లలు మూడేళ్ళపాటు చెప్పుచేతల్లో ఉండే సిలబస్‌కి మాత్రం రాదు. అది వార్తల్లోకి ఎక్కేది ఎవర్నో తీసేసినప్పుడో, ఎవర్నో చేర్చినప్పుడో. రెండు రోజులు టీవీలో అరుచుకుంటారు. అరిచేవాళ్ళలో ఆ పత్రాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివినవాళ్ళు ఎందరో చెప్పలేం.

నేను చదివాను. 2015లో సీబీసీఎస్ పద్ధతి తెచ్చినప్పుడు యూజీసీ ఇచ్చిన బి.ఏ. ఆనర్స్ హిస్టరీ నమూనా సిలబస్ అది. దేశంలో చాలా యూనివర్సిటీలు కొద్దో గొప్పో మార్పులతో దాన్ని అనుసరించాయి. తర్వాత జాతీయ విద్యావిధానం వచ్చింది, నాలుగేళ్ళ డిగ్రీ వచ్చింది, లెక్కలు మారాయి. అయినా చరిత్ర డిగ్రీ అంటే ఏమిటన్న ఊహ పెద్దగా మారలేదు. ఆ ఊహ ఎలాంటిదో చూడ్డానికి 2015 పత్రం మంచి సాక్ష్యం. అందుకే దాన్ని ఒక పుస్తకంలాగే చదవాలనిపించింది. ఒక పుస్తకాన్ని అడిగే ప్రశ్నలే దీన్నీ అడగొచ్చు. కథ ఎక్కడ మొదలవుతుంది? కేంద్రంలో ఎవరున్నారు, అంచుల్లో ఎవరున్నారు? పాఠకుడి నుంచి ఏం ఆశిస్తోంది?

ముందు లెక్క. తప్పనిసరి పేపర్లు 14. వాటిలో భారతదేశ చరిత్ర 8. మిగిలిన ఆరింటిలో ప్రాచీన ప్రపంచానికి ఒకటి, మధ్యయుగ ప్రపంచానికి ఒకటి, ఆధునిక పాశ్చాత్య ప్రపంచపు ఎదుగుదలకి రెండు, ఆధునిక యూరప్‌కి రెండు. అమెరికా, సోవియట్ యూనియన్, చైనా, జపాన్, ఆగ్నేయాసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా అన్నీ ఐచ్ఛికాలు. వాటిలోంచి నాలుగు ఏరుకోవాలి.

ఈ అమరికని కాస్త నిదానంగా చూడండి. మనకి సరిహద్దున్న చైనా గురించి ఒక్క ముక్క తెలియకుండా చరిత్రలో ఆనర్స్ పట్టా తీసుకోవచ్చు. ఫ్రెంచి విప్లవం, పారిశ్రామిక విప్లవం, ఇటలీ జర్మనీల ఏకీకరణ తెలియకుండా మాత్రం కుదరదు. యూరప్ చదవక్కర్లేదని నేననడం లేదు. మనల్ని పాలించినవాళ్ళ చరిత్ర మనకి కావాల్సిందే. కానీ తప్పనిసరి, ఐచ్ఛికం అన్న రెండు మాటలు పక్కపక్కన పెట్టగానే సిలబస్ ఒక వాదన చేసేసింది. ప్రపంచ చరిత్ర అంటే ముందు యూరప్, తీరిక ఉంటే మిగతావాళ్ళు అని. ఈ వాదన ఏ పేజీలోనూ వాక్యంగా రాసి ఉండదు. పేపర్ల వరసలో ఉంటుంది.

పైగా మన కాలేజీల్లో ఐచ్ఛికం అన్న మాటకి అర్థం వేరు. ఆఫ్రికా చరిత్ర ఎంచుకోవాలంటే ఆఫ్రికా చరిత్ర చెప్పగలిగే లెక్చరర్ ఉండాలి. ఉన్న ఒకరిద్దరు లెక్చరర్లు ఏది చెప్పగలిగితే అదే ఐచ్ఛికం. ఎంచుకునేది కాలేజీ, పిల్లలు సంతకం పెడతారు. కాబట్టి సిలబస్‌లో ఐచ్ఛికంగా రాసినదంతా చాలాచోట్ల లేనిదాని కిందే లెక్క.

ఇక తేదీలు. భారతదేశ చరిత్ర మూడో పేపరు 750 నుంచి 1206 వరకు. నాలుగోది 1206 నుంచి 1550 వరకు. ఐదోది 1550 నుంచి 1605. తర్వాత 1605 నుంచి 1750, 1750 నుంచి 1857, 1857 నుంచి 1950. ఒక పేపర్లో 456 ఏళ్ళు, ఇంకో పేపర్లో 55 ఏళ్ళు. ఆ 55 ఏళ్ళు దాదాపుగా అక్బరువి. 1206 ఢిల్లీ సుల్తానుల రాజ్యం మొదలైన ఏడు, 1605 అక్బర్ పోయిన ఏడు. గడియారం ఢిల్లీలో గోడకి తగిలించి ఉంది, దేశమంతా దాన్ని చూసి టైము సరిచేసుకోవాలి.

ఓరుగల్లులో కూర్చుని చూస్తే 1206లో ఏమీ జరగలేదు. అప్పటికి గణపతిదేవుడు గద్దెనెక్కి ఏడేళ్ళయింది, ఆ తర్వాత ఇంకో అరవై ఏళ్ళ దగ్గర దగ్గర పాలించాడు. ఢిల్లీ సేనలు ఓరుగల్లుని పూర్తిగా పట్టుకున్నది 1323లో. 1605లో గోల్కొండని ఏలుతున్నది మహమ్మద్ కులీ కుతుబ్ షా. అక్బర్ మరణం హైదరాబాదులో ఒక వార్త అయివుంటుంది, యుగాంతం కాదు. ఇక్కడ యుగాంతం 1687, ఔరంగజేబు గోల్కొండని తీసుకున్నప్పుడు. నాలుగో పేపర్లో విజయనగరం కనిపించే చోటు చూస్తే ఇంకా తమాషాగా ఉంటుంది. బహమనీలు, గుజరాత్, మాళ్వా, జౌన్‌పూర్, బెంగాల్‌తో కలిపి ప్రాంతీయ వంశాలు అన్న శీర్షిక కింద ఒక పేరుగా ఉంటుంది.

ఇది ప్రాంతీయాభిమానంతో అంటున్న మాట కాదు. ఢిల్లీ గడియారం తీసేసి ఓరుగల్లు గడియారం పెడితే మాల్డా వాడికీ మధుర వాడికీ అదే ఫిర్యాదు ఉంటుంది. ఎనిమిది పేపర్లుగా కొయ్యాలంటే ఎక్కడో ఒకచోట కత్తి పడాల్సిందే. నా అభ్యంతరం కత్తి పడిన చోటు గురించి కాదు. ఆ కోత మనిషి పెట్టిందని విద్యార్థికి ఎక్కడా చెప్పకపోవడం గురించి. "1206 దగ్గర ఎందుకు ఆపారు? నీ ఊరి వైపు నుంచి చూస్తే ఎక్కడ ఆపుతావు?" అని ఒక్క ప్రశ్న పరీక్షలో అడిగితే చాలు, చరిత్రలో యుగ విభజన అన్నది ఏమిటో జన్మలో మర్చిపోరు. అలా అడగరు. కాలం అలా ముక్కలుగానే పుట్టిందన్నట్టు పేపర్లు నడుస్తాయి.

ఇంతవరకు తప్పులే ఎంచాను కాబట్టి మంచి కూడా చెప్పాలి. ఇది రాజుల జాబితా కాదు. మా అమ్మానాన్నల తరం చదువుకున్న, "అశోకుడు చెట్లు నాటించెను" తరహా చరిత్ర కాదు. వ్యవసాయ సంబంధాలు, వర్తకం, పట్టణాలు, స్త్రీలు, కులం, భక్తి ఉద్యమాలు అన్నీ ఉన్నాయి. భారతీయ ఫ్యూడలిజం మీద చరిత్రకారుల మధ్య జరిగిన గొడవ కూడా పాఠ్యాంశమే. అన్నిటికన్నా ముఖ్యంగా, భారతదేశ చరిత్ర పేపర్లలో మొదటి యూనిట్ తరచుగా ఆధారాలతోనే మొదలవుతుంది. శాసనాలు, నాణేలు, గ్రంథాలు, తవ్వకాల్లో బయటపడ్డవి. తయారుచేసినవాళ్ళకి చరిత్ర ఎలా పుడుతుందో బాగా తెలుసని అర్థమవుతూనే ఉంటుంది.

కానీ సరిగ్గా అక్కడే అసలు లోపం బయటపడుతుంది. ఆధారాలు కూడా ఇంకో పాఠం అయిపోయాయి. "కాకతీయుల చరిత్రకు గల ఆధారాలను వివరింపుము" అన్నది మన డిగ్రీ పరీక్షల్లో తరతరాలుగా నలుగుతున్న వ్యాసరూప ప్రశ్న. శాసనాలు, సాహిత్యం, విదేశీ యాత్రికుల రచనలు అని మూడు సైడ్ హెడింగులు పెట్టి, కింద గీతలు గీసి, మూడు పేజీలు రాస్తే మార్కులు. నేను హెచ్.ఇ.పి. గ్రూపుతో డిగ్రీ చేశాను. ఆ మూడు సైడ్ హెడింగులు నేనూ రాశాను. మూడేళ్ళలో ఒక్క శాసనం కూడా, కనీసం అచ్చులో, తరగతి గదిలోకి రాలేదు. ఈత గురించిన వ్యాసం రాసి ఈత సర్టిఫికెట్ తీసుకున్నట్టు ఉంటుంది ఆ వ్యవహారం.

2015 పత్రంలో పురాలేఖలకీ మ్యూజియంలకీ చోటు లేదా అంటే ఉంది. నైపుణ్యం పెంచే కోర్సులని ఒక చిన్న విభాగం పెట్టారు. మౌఖిక సంస్కృతి, వారసత్వ సంపద, పురావస్తు శాస్త్ర పరిచయంలాంటి వాటి పక్కన ఇవీ ఉన్నాయి. రెండేసి క్రెడిట్లు. ఉన్నవాటిలో రెండు తీసుకుంటే చాలు. తప్పనిసరి పేపరుకి ఆరు క్రెడిట్లు, చరిత్రకారుడు పని చేసే చోటుకి రెండు, అదీ ఇష్టమైతే.

మన సిలబస్ గొడవలన్నిటినీ ఈ వెలుగులో మళ్ళీ చూడాలనిపిస్తుంది నాకు. అన్నిటికన్నా పేరుమోసినది ఏ.కె. రామానుజన్ వ్యాసం మీద జరిగిన గొడవ. 1987లో పిట్స్‌బర్గ్ యూనివర్సిటీలో జరిగిన సదస్సు కోసం ఆయన మూడువందల రామాయణాల గురించి ఒక వ్యాసం రాశాడు. 1991లో పౌలా రిచ్‌మన్ సంపాదకత్వంలో వచ్చిన సంపుటిలో అది అచ్చయింది. ఢిల్లీ యూనివర్సిటీ దాన్ని బి.ఏ. ఆనర్స్ హిస్టరీలో ప్రాచీన భారత సంస్కృతి కోర్సుకి పఠనీయంగా పెట్టింది. 2008 ఫిబ్రవరిలో హిస్టరీ డిపార్ట్‌మెంట్ మీద దాడి జరిగింది. విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, నలుగురు నిపుణుల కమిటీ దగ్గరికి వచ్చింది. ముగ్గురు ఉంచమన్నారు, ఒకరు వద్దన్నారు. 2011 అక్టోబర్లో అకడమిక్ కౌన్సిల్ తీసేసింది.

ఆ వ్యాసం విద్యార్థి చేత ఏం చేయించేదో గమనించండి. వాల్మీకినీ, కంబన్‌నీ, జైన రామాయణాన్నీ, థాయ్‌లాండ్ రామకియన్‌నీ, కన్నడ జానపద గాయకుడి పాటనీ పక్కపక్కన పెడుతుంది. వీటిని ఒక మూలానికి పాఠాంతరాలు అనడం రామానుజన్‌కి ఇష్టం లేదు, అలా అంటే మారని అసలు ఒకటి ఎక్కడో ఉందని ఒప్పుకున్నట్టవుతుందని. అందుకని వాటిని చెప్పడాలు అన్నాడు. ఒక్కో చెప్పడం ఎవరిది, ఎవరికి, ఎందుకు అని అడగమన్నాడు. ఇది రాముడి మీద అభిప్రాయం కాదు, ఆధారాన్ని చదివే పద్ధతి. అదే సంపుటిలో వెల్చేరు నారాయణరావు తెలుగు ఆడవాళ్ళ రామాయణ పాటల మీద రాసిన వ్యాసం ఉంది. బ్రాహ్మణ స్త్రీలు పాడుకునేవీ, ఇతర కులాల స్త్రీలు పాడుకునేవీ విడివిడిగా తీసుకుని, ఊర్మిళ నిద్రలాంటి పాటల్లో యుద్ధాలు వెనక్కి పోయి ఇంటి లోపలి సంగతులు ముందుకొచ్చిన తీరు చూపిస్తాడు. మన అమ్మమ్మలకి నోటికి వచ్చిన పాటలే అవి. ఆ పాటలు కూడా ఆధారమే, వాటినీ ప్రశ్నలు అడగొచ్చు అని ఒక ఇరవయ్యేళ్ళ పిల్లకి తెలిస్తే ఆమె ఇంట్లోనే ఒక పురాలేఖాగారం తెరుచుకున్నట్టే.

తీసేసినవాళ్ళ తప్పు స్పష్టమే. అయితే వాళ్ళకి ఎదురు నిలబడ్డ మా వైపు వాళ్ళం కూడా ఒక సంగతి పట్టించుకోలేదు. అధ్యాపకులు దీన్ని పిల్లలకి సరిగ్గా వివరించగలరా అన్న సందేహం కమిటీలో వద్దన్న గొంతుది. ఆ సందేహం వెనక ఒక ఊహ ఉంది. డిగ్రీ పిల్లవాడు తనంతట తాను ఏదీ తూచలేడు, ముందుపెట్టింది మింగుతాడు. మేము వ్యాసం ఉండాలని వాదించినప్పుడు కూడా చాలాసార్లు ఇదే ఊహ మీద నిలబడి వాదించాం. మంచిది ముందుపెడితే మంచివాడవుతాడని. 2021లో యూజీసీ ఇంకో ముసాయిదా తెచ్చింది. మొదటి పేపరు పేరే భారత్ అనే భావన. అప్పుడూ చర్చంతా ఎవరి పుస్తకం జాబితాలో ఉంది, ఎవరిది పోయింది అన్న చోటే తిరిగింది. జాబితా ముఖ్యం కాదని కాదు. జాబితాలో ఎవరున్నా దాన్ని వల్లెవేసే పద్ధతి మారకపోతే, ఈ ప్రభుత్వం ఒక గైడు, ఆ ప్రభుత్వం ఇంకో గైడు.

నూట ఇరవయ్యేళ్ళ కిందట ఇదే గొడవ ఆక్స్‌ఫర్డ్‌లో జరిగింది. 1870లో విలియం స్టబ్స్ ఇంగ్లండు రాజ్యాంగ చరిత్రకి సంబంధించిన చార్టర్లనీ శాసన పత్రాలనీ ఏర్చి ఒక సంపుటి వేశాడు. దశాబ్దాలపాటు అక్కడి చరిత్ర విద్యార్థులకి అది తప్పించుకోలేని పుస్తకం. అసలు పత్రాలే చదివారు కదా అనిపిస్తుంది. కానీ అది కూడా మెల్లగా పరీక్ష పుస్తకం అయిపోయింది. ఏ చార్టర్‌కి ఏ వ్యాఖ్య రాయాలో అందరికీ తెలుసు. 1904లో చార్లెస్ ఫర్త్ అక్కడ రీజియస్ ప్రొఫెసర్‌గా చేరి, తొలి ఉపన్యాసంలోనే, మనం పిల్లల్ని పరీక్షకి తయారుచేస్తున్నాం గానీ చరిత్ర పరిశోధనకి కాదు అని అంటించాడు. కాలేజీ ట్యూటర్లు భగ్గుమన్నారు. వాళ్ళ జవాబు కొట్టిపారేయదగ్గది కాదు. మా దగ్గర చదివేవాళ్ళలో చరిత్రకారులయ్యేది ఎందరు? వీళ్ళు పార్లమెంటుకి వెళ్తారు, సివిల్ సర్వీసుకి వెళ్తారు, వాళ్ళకి కావాల్సింది విశాలమైన చదువు, పాత కాగితాల దుమ్ము కాదు.

ఫర్త్ బతికుండగా గెలవలేదు. కానీ ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లో బి.ఏ. హిస్టరీ చదివే ప్రతి ఒక్కరూ 12,000 పదాల థీసిస్ రాయాలి. అది తప్పనిసరి. అమెరికాలో కూడా చాలా డిపార్ట్‌మెంట్లు చరిత్ర మేజర్ చేసేవాళ్ళని కనీసం ఒక్క పరిశోధనా సెమినార్ అయినా చెయ్యమంటాయి, మూలాధారాలతో ఒక్క పేపరైనా రాయమంటాయి. వాళ్ళలోనూ ఎక్కువమంది లాయర్లూ బ్యాంకు ఉద్యోగులే అవుతారు.

మన దగ్గర? 2022 డిసెంబర్లో యూజీసీ ఇచ్చిన కొత్త చట్రంలో పరిశోధన ఉంది. నాలుగో ఏడాదిలో 12 క్రెడిట్ల డిసర్టేషన్. అయితే మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, ఆపైన తెచ్చుకున్నవాళ్ళకి. అంటే మూడేళ్ళు వల్లెవేయడంలో ముందున్నవాళ్ళకి బహుమానంగా ప్రశ్న అడిగే హక్కు ఇస్తారు. మూడేళ్ళకే ఆపేసేవాళ్ళకి, డెబ్బై శాతం వచ్చినవాళ్ళకి, పొద్దున కాలేజీకీ సాయంత్రం డెలివరీ పనికీ వెళ్ళేవాళ్ళకి ఆ హక్కు లేదు. ఇది ఎంత తలకిందుల వ్యవహారమో చూడండి. జీవితంలో చరిత్రతో మళ్ళీ ఎప్పుడూ పద్ధతిగా తలపడని పిల్లలకే ఆధారాన్ని పట్టి చూడ్డం ఒక్కసారైనా నేర్పాలి. వాళ్ళ ఫోనుకి రోజూ చరిత్ర వస్తూనే ఉంటుంది, ఫలానా గుడి కింద ఫలానాది ఉందని, ఫలానా రాజు ఫలానా కులం వాడని. "ఇది ఎక్కడ రాసుంది? ఎవరు రాశారు? ఎప్పుడు?" అని అడగడం ఎనభై శాతం వచ్చినవాడికే కావాల్సిన విద్యా?

మనవాళ్ళకి అంత తాహతెక్కడిది అనేవాళ్ళకి తెలుగులో చరిత్ర రచన ఎలా పుట్టిందో గుర్తుచెయ్యాలి. ఆంధ్రుల చరిత్ర మీద మొదటి పెద్ద ప్రయత్నం చిలుకూరి వీరభద్రరావుది. 1910లో విజ్ఞాన చంద్రికా మండలి వేసింది. ఆ మండలి వెనకున్న కొమర్రాజు లక్ష్మణరావు ఉద్యోగం మునగాల సంస్థానంలో దివానుగా. 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్ర తెచ్చిన సురవరం ప్రతాపరెడ్డి వకీలు చదువు చదివి గోల్కొండ పత్రిక నడిపినవాడు. వీళ్ళెవరూ హిస్టరీ డిపార్ట్‌మెంటుల్లో కూర్చుని రాయలేదు. తెలుగు తెలిసి, ఊళ్ళు తిరిగి, పాత రాత కనిపిస్తే ఆగి చదివే అలవాటున్నవాళ్ళు.

సురవరం పుస్తకం నాకు ఇప్పటికీ చరిత్ర పద్ధతి మీద పాఠంలా అనిపిస్తుంది. రాజుల్ని పక్కనపెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అని వెతికాడు. దానికి శాసనాలు సరిపోవు కాబట్టి కావ్యాల్లోకి వెళ్ళాడు. ఆ కావ్యాల్లో క్రీడాభిరామం ఒకటి. ఓరుగల్లు వీధులు, పూటకూళ్ళ ఇల్లు, కోడిపందాలు అన్నీ ఉంటాయి అందులో. ఇంతకన్నా మంచి ఆధారం ఏముంటుంది అనిపిస్తుంది. కానీ ఆ కావ్యం తాను ప్రేమాభిరామం అనే సంస్కృత రచనకి తెలుగు రూపమని చెప్పుకుంటుంది. రాసింది ఓరుగల్లు పడిపోయాక. వినుకొండ వల్లభరాయుడు రాశాడా, శ్రీనాథుడు రాశాడా అన్న తగువు ఉండనే ఉంది. మరి అందులో కనిపించే వీధి ఏ కాలపు వీధి? కవి చూసిందా, విన్నదా, వీధి వర్ణన అంటే ఇలా ఉండాలని అనుకున్నదా? సురవరం కొన్నిచోట్ల కవి మాటని మరీ తేలిగ్గా నమ్మేశాడని నాకనిపిస్తుంది. అలా అనిపించడానికి ఒక డిగ్రీ విద్యార్థికి కావాల్సింది ఏమిటి? రెండు పుస్తకాలు, ఒక సెమిస్టరు, వాదించడానికి ఎదుట ఒక లెక్చరరు.

ఇంకో ఆధారం, మోటుపల్లి శాసనం. ఇప్పటి బాపట్ల జిల్లాలోని ఆ రేవులో 1244 ప్రాంతంలో గణపతిదేవుడు వేయించాడు. మన గైడ్లలో దానికి ఒక్క వాక్యం ఉంటుంది, అభయశాసనం వేయించి విదేశీ వర్తకాన్ని ప్రోత్సహించెను అని. అసలు శాసనం అంతకన్నా చాలా ఎక్కువ చెబుతుంది. గాలివానకి కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకుని ఇదివరకటి రాజులు లాక్కునేవారట. తాను నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోనని ఈ రాజు మాటిస్తున్నాడు. చందనం, కర్పూరం, ఏనుగు దంతం, ముత్యాలు అంటూ సుంకాల వివరాలున్నాయి. ఒక రాజు "ఇకమీద దోచుకోం" అని రాతి మీద చెక్కించాడంటే అంతకుముందు ఏం జరిగేదో మనకి తెలిసిపోతోంది కదా. సంస్కృతం ఎవరి కోసం, తెలుగు ఎవరి కోసం? రేవులో దిగిన పరదేశి ఈ రెండూ చదవలేడు, మరి ఈ మాట అతని చెవిన ఎలా పడింది? ఒక్క వాక్యంగా బట్టీపట్టిన శాసనం ఇన్ని ప్రశ్నలుగా విచ్చుకుంటుంది.

శాసనాలు ఇలా అడిగితే ఎంత దూరం వెళ్ళొచ్చో చూపించడానికి సింథియా టాల్బట్ 2001లో వేసిన కాకతీయుల కాలపు ఆంధ్ర మీది పుస్తకం ఉంది. శాసనాల్లో దానాలిచ్చిన మనుషుల పేర్లూ బిరుదులూ వందల సంఖ్యలో పోగేసి లెక్కలు వేసింది. రెడ్డి, నాయక, సెట్టి లాంటి మాటలు ఇప్పుడు మనం అనుకునే కులం పేర్లలాగా అప్పుడు పనిచేసినట్టు లేవని, తండ్రికున్న బిరుదే కొడుక్కి ఉండాలని లేదని తేల్చింది. కులాల వారీగా రాజుల్ని పంచుకుంటున్న మన రోజుల్లో ఇంతకన్నా అవసరమైన చరిత్ర ఏముంది? దీనికి ఆధారమంతా మన ఊళ్ళ రాళ్ళ మీద తెలుగులో, సంస్కృతంలో ఉంది.

ఇక్కడే భాష సంగతి వస్తుంది, నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది. ప్రపంచంలో మంచి చరిత్ర కోర్సులు విద్యార్థిని ఇంకో భాష నేర్చుకోమంటాయి, ఆధారాలు చదవడానికి. మన తెలుగు మీడియం పిల్లలు ఆ భాషని చేతిలో పట్టుకునే కాలేజీకి వస్తారు. మెకంజీ కోసం కావలి సోదరులూ వాళ్ళ మనుషులూ ఊరూరా తిరిగి పోగేసిన కైఫియత్తులు తెలుగులో ఉన్నాయి. కడప జిల్లా కైఫియత్తులు అచ్చు పుస్తకాలుగా దొరుకుతాయి. 1830, 31 సంవత్సరాల్లో ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు నుంచి కాశీకి వెళ్ళొస్తూ మజిలీ మజిలీకి రాసుకున్న కాశీయాత్ర చరిత్ర ఉంది, 1838లో అచ్చయింది. ఏ ఊళ్ళో నీళ్ళు బాగున్నాయో, ఏ దారి ఎలా ఉందో, ఎక్కడ ఏం దొరుకుతుందో రాస్తాడు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన మనిషి కంటితో చూసిన దేశం అది. ఏ ఇంగ్లీషు మీడియం ఆనర్స్ విద్యార్థికన్నా వీటిని బాగా చదవగలిగేది ఈ పిల్లలే. కానీ వాళ్ళకి మనం చెప్పేది ఏమిటి? నీకు ఇంగ్లీషు రాదు, అదే నీ లోపం అని. 2021-22 నుంచి ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కాలేజీల్లో ఇంగ్లీషు మీడియమే అన్నారు. ఇంగ్లీషు కావాలి, ఎవరూ కాదనరు. అయితే చరిత్ర తరగతిలో తెలుగుని పాఠం చెప్పే భాషగానే చూశారు తప్ప ఆధారాల భాషగా చూడలేదు. రెండూ ఒకటి కాదు. పాఠం ఇంగ్లీషులో చెప్పినా ఆధారం తెలుగులో చదివించొచ్చు.

ఆచరణలో కష్టాలు నాకు తెలియనివి కావు. రెగ్యులర్ పోస్టులు నింపరు, ఒక్క గెస్టు లెక్చరరు మూడు క్లాసులు చూసుకోవాలి, తరగతిలో సగంమంది గ్రూప్స్ కోచింగ్ కోసం హైదరాబాదులో ఉంటారు. ప్రాజెక్టు అంటే జిరాక్స్ షాపులో దొరికే వస్తువు. ఇప్పుడు జిరాక్స్ షాపు దాకా వెళ్ళే పని కూడా లేదు, ఫోనే రాసి పెడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ పిల్లలందరికీ కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు తప్పనిసరి చేశారు. ఒక ఊరికి వెళ్ళి ఇంటింటి సర్వే చెయ్యాలి. అదే ఊళ్ళో చరిత్ర పిల్లలు గుడి ముందున్న రాయి చదివి రావచ్చు, చెరువు ఎవరు తవ్వించారని నలుగురు ముసలివాళ్ళని అడిగి, వాళ్ళ మాటల్లో తేడాలు రాసుకురావచ్చు. తలుపు తెరిచే ఉంది. చరిత్ర డిపార్ట్‌మెంట్లు అటు నుంచి లోపలికి వస్తే బాగుండును.

గ్రూప్స్ సంగతి కూడా తప్పించుకోకుండా మాట్లాడాలి. చరిత్ర తీసుకునే పిల్లల్లో చాలామంది తీసుకునేది ఉద్యోగం కోసం. వాళ్ళకి వేగంగా, క్లుప్తంగా, తేదీలతో సహా కావాలి. దాన్ని చులకన చేసే హక్కు నాకు లేదు, ఇంట్లో పరిస్థితి అలాంటిది. కాకపోతే ఆ పని కోచింగ్ సెంటర్లు కాలేజీలకన్నా బాగా చేస్తున్నాయి. కాలేజీ కూడా అదే చేస్తే కాలేజీ ఎందుకు? రేపు ఆ పిల్లల్లో ఒకరు తహసీల్దారు అయి, తన ముందుకొచ్చిన ఒక పాత పహాణీని చూసి ఇది నమ్మొచ్చా అని ఆలోచించాల్సి వస్తుంది. అది చరిత్రకారుడి ప్రశ్నే. ఆక్స్‌ఫర్డ్ ట్యూటర్లకి ఫర్త్ చెప్పి ఉండాల్సిన జవాబు కూడా ఇదే అనుకుంటాను.

అందుకని నన్నడిగితే సిలబస్‌లో ఒక్క మార్పు. ఏ రాజు ఉండాలి, ఏ చరిత్రకారుడు పోవాలి అన్న తగువు సాగుతూనే ఉండనివ్వండి, అది సాగాల్సిన తగువే. దాంతోపాటు ఇలా ఒక వాక్యం చేర్చండి. చరిత్ర చదివే ప్రతి విద్యార్థీ, మార్కులతో సంబంధం లేకుండా, రెండో ఏడాది ముగిసేలోగా తనకి వచ్చిన భాషలో ఒక మూలాధారాన్ని ఎంచుకుని, దాన్ని పూర్తిగా చదివి, అది ఏం చెబుతోందో, ఏం చెప్పడం లేదో, దాన్ని ఎందుకు నమ్మాలో, ఎక్కడ నమ్మకూడదో పది పేజీలు రాయాలి. రాసినదాని మీద అరగంటసేపు తరగతి ముందు నిలబడి జవాబు చెప్పాలి. ఆరు క్రెడిట్లు. ఐచ్ఛికం కాదు.